దసలి గూడు నుంచి రెక్కల దాకా – రెండో పాఠం: ఎండలు దాటించడం, ఆ రాత్రికి సిద్ధం కావడం

మొదలుపెట్టే ముందు మీ దసలి పట్టు పురుగు గూడును ఒకసారి తూకం వేయండి. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా చాలు. లోపల ప్రాణమున్న దసలి గూడు సాధారణంగా 10 గ్రాములకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. అందులో పెంకు బరువు 2 గ్రాములకు అటూ ఇటే. మిగిలిన బరువంతా లోపల ఆగి ఉన్న ప్యూపాది, అంటే గొంగళి పురుగుకూ రెక్కల పురుగుకూ మధ్య దశది. ఆ అంకెను, పక్కన తేదీని నోటుబుక్కులో రాసుకోండి. ఇప్పుడు ఉగాది దాటింది. మృగశిర కార్తె దాకా పదిహేను రోజులకోసారి ఇలా తూచి రాయడమే మీ మొదటి అభ్యాసం. బరువు కొంచెం కొంచెంగా తగ్గుతుంది, దానికి టెన్షన్ పడొద్దు. ఒక్కసారిగా సగానికి పడిపోయి, చెవి దగ్గర పెట్టి మెల్లగా కదిపితే ఎండిన గింజలా గలగలమంటే మాత్రం లోపలి ప్రాణం పోయినట్టే. బతికున్న ప్యూపా అలా గలగలమనదు. మెత్తగా, బరువుగా ఒక్కసారి కదిలినట్టు తెలుస్తుంది.

పోయిన పాఠం అందనివాళ్లకు రెండు మాటలు. మనం మాట్లాడుకునేది దసలి పట్టు పురుగు గురించి. శాస్త్రీయ నామం ఆంథీరియా మైలిట్టా. మల్బరీ ఆకు తినే పట్టు పురుగు వేల ఏళ్లుగా మనిషి చేతుల్లో పెరిగి ఎగరడమే మరిచిపోయింది. దసలి అలా కాదు, ఇది అడవి ప్రాణి. మద్ది చెట్టు ఆకు తిని, ఆ కొమ్మకే ఒక గట్టి కాడ చుట్టి, కోడిగుడ్డు కంటే కాస్త చిన్న గూడు కట్టుకుంటుంది. తెలంగాణలో మహదేవపూర్, చెన్నూరు వైపు దీన్ని చెట్ల మీదే పెంచి గూళ్లు అమ్ముకునే కుటుంబాలున్నాయి. మహదేవపూర్ దసలి బట్టకు ఎప్పటినుంచో పేరుంది. మన ప్రాంతపు రకానికి పట్టు శాస్త్రవేత్తలు ఆంధ్రా లోకల్ అని పేరు పెట్టారు.

రెక్కలొచ్చిన పురుగును ఏమని పిలవాలన్నది నాకు మొదట్లో పెద్ద చిక్కుగా ఉండేది. బడి పుస్తకాల్లో మాత్ అంటారు. పత్తి రైతులు గులాబి రంగు పురుగు రెక్కల దశను తల్లి పురుగు అంటారు. పిల్లలు అన్నిటినీ సీతాకోకచిలుకే అంటారు. ఈ పాఠాల్లో నేను చిలుక అనే రాస్తాను.

నా గూళ్ల సంగతి పోయిన పాఠంలో చెప్పాను. హనుమకొండలో మా వీధి చివరి తెల్లమద్ది కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయని ఎండాకాలానికి ముందే కొట్టేశారు. ట్రాక్టరులోకి ఎక్కిస్తున్న ఆ కొమ్మల్లో మూడు గూళ్లు కనిపించాయి. కాపాడడం అంటే ఇలాంటి గూడును తెచ్చుకోవడమే. చెట్టు మీద క్షేమంగా ఉన్నదాన్ని తెంపుకొచ్చి పెంచుతాననడం కాపాడడం కిందికి రాదు. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లో నుంచైతే అసలే తేవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

లోపల ఏం జరుగుతోంది

దసలి మన దగ్గర ఏడాదికి మూడు తరాలు చూస్తుంది. తొలకరికి బయటికొచ్చిన చిలుకలు పెట్టిన గుడ్లతో మొదటి తరం, నడి వానల్లో రెండోది, చలి మొదలయ్యే రోజుల్లో మూడోది. మొదటి తరం గూడు కట్టుకున్నాక కొద్ది వారాల్లోనే చిలుకై బయటికి వస్తుంది. మూడో తరం అలా రాదు. లోపల ప్యూపాగా మారి, అక్కడే ఆగిపోతుంది. సంక్రాంతి, జాతర ఉన్న ఏడు మేడారం, శివరాత్రి, హోలీ, ఉగాది అన్నీ గూడు బయటే జరిగిపోతాయి. లోపలిది మాత్రం కదలదు.

ఊపిరి ఉంటుంది, చాలా నెమ్మదిగా. పురుగుగా ఉన్నప్పుడు తిని దాచుకున్న కొవ్వుతోనే ఈ నెలలన్నీ గడుపుతుంది. తిండి లేదు, చుక్క నీరు లేదు. మీ నోటుబుక్కులో అంకె కొంచెం కొంచెంగా తగ్గుతూ పోవడానికి కారణం ఇదే. గూడు పెంకు చెక్కలా గట్టిగా ఉన్నా గాలి ఆడుతుంది. కాబట్టి పాలిథిన్ కవర్లో, మూత బిగించిన డబ్బాలో పెట్టకూడదు.

మళ్లీ కదలిక ఎప్పుడు మొదలవుతుంది? పగలు పొడవు పెరగడం, మండే ఎండ తర్వాత చల్లబడటం, గాలిలో తేమ చేరడం, ఇవన్నీ కలిస్తే లోపలి గడియారం నడుస్తుంది. మన దగ్గర ఇవన్నీ కలిసొచ్చేది మృగశిరకు, అంటే జూన్ రెండో వారం ఆ ప్రాంతంలో. మహదేవపూర్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, నేను గూడును పదే పదే చేతిలోకి తీసుకోవడం చూసి, "ఊకె ముట్టకు బిడ్డా, వాన వాసన నీకంటే ముందు దానికే తెలుస్తది" అన్నాడు. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్న దాంట్లో సగం ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఎక్కడ పెట్టాలి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. వరంగల్‌లో మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలే. అడవిలో గూడు కొమ్మల నీడలో, గాలి ఆడే చోట వేలాడుతూ ఉంటుంది. కొమ్మ నరికి దాన్ని ఇంటికి తెచ్చాక ఆ నీడ, ఆ గాలి మనమే ఇవ్వాలి.

మట్టి గోడల పెంకుటిల్లు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. ఉత్తరం వైపు గదిలో దూలానికి వేలాడదీస్తే సగం పని అయిపోయినట్టే. నాలాంటి స్లాబు ఇళ్లవాళ్లకే కష్టం. పై అంతస్తు స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రంతా గదిలోకి వదులుతుంది. అటక, బీరువా పైభాగం, ఫ్రిజ్ మీద, టీవీ వెనక, కిటికీ ఎండ పడే గట్టు, ఇవేవీ పనికిరావు. కింది అంతస్తులో, నేలకు మూడు నాలుగు అడుగుల ఎత్తులో, ఎండ ముఖం చూడని గోడ దగ్గర పెట్టండి. మా ఇంట్లో నీళ్ల రంజన్ పెట్టే మూల ఉంది. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండేది అదే. దానికి రెండు మూరల దూరంలో గూటి బుట్ట వేలాడుతుంది.

బుట్ట మేదరివాళ్ల దగ్గర కొన్న వెదురు బుట్ట అయితే మంచిది. లోతు కనీసం ఒక అడుగు ఉండాలి. బుట్టను బోర్లా కాకుండా నిలువుగా వేలాడదీసి, పైన దోమతెర గుడ్డ కప్పి తాడుతో కట్టండి. లోపల ఒక ఎండు కొమ్మ అడ్డంగా పెట్టి, గూడును దాని కాడతోనే ఆ కొమ్మకు దారంతో కట్టండి. చెట్టు మీద ఉన్నట్టే కాడ పైకి, గూడు కిందికి వేలాడాలి. గుడ్ల కోసం గూళ్లు దాచే దసలి రైతులు కూడా వాటిని దండలుగా కట్టి వేలాడదీస్తారు, కుప్ప పోయరు. గూటికి సూది గుచ్చడం, జిగురుతో అంటించడం చేయకండి. కాడ తెగిపోయి ఉంటే ఉత్త దోమతెర గుడ్డతో చిన్న ఊయల కట్టి అందులో పడుకోబెట్టండి, కాడ ఉండాల్సిన చివర మాత్రం మూసుకుపోకూడదు. చిలుక వచ్చే దారి అదే.

నీళ్ల సంగతి. ఏప్రిల్, మే నెలల్లో గూటి మీద నీళ్లు చల్లొద్దు. గాలి మరీ పొడిగా ఉన్న రోజుల్లో బుట్ట కింద తడి ఇసుక పోసిన మూకుడు పెట్టండి, చాలు. కూలర్ గాలికి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి. నేను రెండో ఏడు చేసిన తప్పు అదే. దానికి చల్లగా ఉంటుందని కూలర్ గదిలో పెట్టాను. రోజంతా తడిగాలి తగిలి, వానలు పడ్డాయనుకుందో ఏమో, మే నడిమిలో ఒక ఆడ చిలుక బయటికొచ్చింది. ఊరంతా నిప్పుల కుంపటిలా ఉంది. తోడు మగ చిలుకలేవీ అప్పటికి బయటికి రాలేదు. అది రాత్రంతా బుట్ట గోడకు అంటుకుని ఎదురుచూసింది. ఐదో రోజు చనిపోయింది. అది పెట్టిన గుడ్లన్నీ రెండు మూడు రోజుల్లో సొట్టపడి ఎండిపోయాయి. ఆ బుట్టను చాలా రోజులు తీయలేకపోయాను.

అకాల వానలు పడ్డ ఏడు చెట్ల మీద కూడా కొన్ని ఇలా ముందే బయటికి రావడం ఉంది. దానికి మనమేం చేయలేం. ఇంట్లో జరిగేదాన్ని మాత్రం ఆపగలం.

ఇక శత్రువులు. చీమ, బల్లి, ఎలుక, ఈ మూడిటి మీదా కన్నేసి ఉంచండి. ఎలుక పెంకును కొరికి లోపలి ప్యూపాను తినేస్తుంది. బుట్ట వేలాడే తాడుకు చివర కాస్త వేపనూనె పూసిన గుడ్డ చుడితే చీమలు దిగవు. స్టూలు మీద పెట్టేవాళ్లు దాని కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టండి. చీమల మందు సుద్దముక్క గీయొద్దు. దోమల కాయిల్, ప్లగ్గుకు పెట్టే దోమల మందు, బీరువాలో వేసే కలరా ఉండలు, ఇవేవీ ఆ గదిలో ఉండకూడదు. దోమను చంపేది దీన్ని కూడా చంపుతుంది.

ఒకరోజు పొద్దున గూటికి చిన్న రంధ్రం పడి, బుట్టలో చిలుకకు బదులు నడుం సన్నగా ఉన్న పసుపుపచ్చ కందిరీగలాంటి పురుగో, తెల్లటి కాళ్లులేని పురుగులో కనిపించవచ్చు. పురుగు దశలోనో, గూడు కట్టేటప్పుడో ఆ కందిరీగో, పట్టు రైతులు భయపడే ఊజీ ఈగో దాని మీద గుడ్డు పెట్టిందన్నమాట. మీ తప్పు ఏమీ లేదు. మీరు తెచ్చేనాటికే అది అయిపోయింది. బాధగానే ఉంటుంది. కానీ ఆ కందిరీగ కూడా మద్ది అడవిదే కాబట్టి దాన్ని బయట వదిలేయండి. ఊజీ ఈగ పురుగుల్ని మాత్రం పట్టు పెంచే ప్రాంతాలకు దగ్గరగా ఉన్నవాళ్లు వదలొద్దు. సబ్బు నీళ్లలో వేసేయండి. ఆ ఈగ వల్ల నష్టపోయేది రైతు.

కోసి చూడొద్దు

మా అక్క కొడుకు సెలవులకు వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేవాడు. "చిన్నమ్మా, చిన్న కిటికీ కోసి చూద్దామా? మళ్లీ అంటిద్దాం." ఆ కోరిక వాడొక్కడిదే కాదు, గూడు చేతిలోకి తీసుకున్న ప్రతి ఒక్కరికీ కలుగుతుంది. ఎందుకు వద్దో చెప్పాల్సిన బాధ్యత నాది.

గూడులోంచి కష్టపడి బయటికి రావడం వల్లే రెక్కలకు బలం వస్తుందని, ఎవరో జాలిపడి గూడు కోస్తే చిలుక ఎగరలేకపోయిందని ఒక కథ అందరూ చెప్తుంటారు. వినడానికి బాగుంటుంది, కానీ కారణం అది కాదు. రెక్కలు విచ్చుకునేది బయటికొచ్చాకే. ఒంట్లోని ద్రవాన్ని చిలుక రెక్కల ఈనెల్లోకి పంపు చేస్తుంది, దాంతో అవి సాగుతాయి. కోయకూడదనడానికి అసలు కారణాలు ఇంతకంటే మామూలువి. బ్లేడు ఒక్క గీత లోపలికి దిగితే ప్యూపా తోలు చిట్లి, ఒంట్లోని ద్రవం కారిపోతుంది. అది మళ్లీ మూసుకోదు. ఏమీ తగలకపోయినా, పెంకు తెరిస్తే మన ఎండలకు తేమ త్వరగా ఆరిపోతుంది, చీమకు దారి దొరుకుతుంది. ఇక బయటికొస్తున్న చిలుకను చేత్తో లాగితే, తడిసిన కాగితంలా మెత్తగా ఉండే రెక్క అక్కడే చిరుగుతుంది. మా వాడికి ఇదంతా చెప్పాక, కోసే బదులు తూచడం ఇష్టపడ్డాడు. ఇప్పుడు మా నోటుబుక్కులో అంకెలు రాసేది వాడే.

వచ్చేముందు గుర్తులు

తొలి జల్లు పడగానే బుట్ట దగ్గర రెండు మార్పులు చేయండి. ఇప్పటిదాకా పొడిగా ఉంచిన చోటికి తేమ కావాలి. బుట్ట చుట్టూ గోనె సంచి వేలాడదీసి, ఉదయం, సాయంత్రం దాన్ని నీళ్లతో తడపండి. గూటి మీద నేరుగా పోయొద్దు. గదిలో వేడి 30 డిగ్రీల లోపు ఉంటే మంచిది. వానలు మొదలైతే అది దానంతటదే దిగుతుంది. రెండో మార్పు ఇంకా ముఖ్యం. బుట్ట లోపలి గోడలు గరుకుగా ఉండాలి. వెదురు అల్లిక సరిపోతుంది. లేదంటే గోనె గుడ్డ ముక్కను పైనుంచి కిందికి వేలాడదీయండి. గూటికి చుట్టూ కనీసం జానెడు ఖాళీ ఉండాలి, ఏ వస్తువూ అడ్డం రాకూడదు. చిలుక రెక్కలు విప్పితే 15 సెంటీమీటర్లు దాటుతుంది.

ఈ గరుకు సంగతి ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, నా మొదటి చిలుకను నేను పోగొట్టుకున్నది దీనివల్లే. వెదురు బుట్ట లేక, శుభ్రంగా కడిగిన ప్లాస్టిక్ బకెట్‌లో గూడు పెట్టి పైన గుడ్డ కట్టాను. ఆ సాయంత్రం కాజీపేటలో పెళ్లికి వెళ్లాం. రాత్రి పదకొండు దాటాక వచ్చి చూస్తే చిలుక బకెట్ అడుగున ఉంది. ఎక్కుతూ జారుతూ, ఎక్కుతూ జారుతూ ఎన్ని గంటలు గడిపిందో తెలియదు. నున్నటి గోడ మీద గోళ్లు పట్టలేదు. వేలాడటానికి చోటు దొరకక రెక్కలు ముడతలు పడి అలాగే గట్టిపడిపోయాయి. గట్టిపడిన రెక్కను మళ్లీ ఎవరూ విప్పలేరు. తర్వాత గోనె గుడ్డ మీద పెడితే ఆరు రోజులు బతికింది. రోజూ సాయంత్రం ఆ ముడతల రెక్కలను ఆడించేది. ఒక అడుగు గోనె గుడ్డ వేలాడదీసి ఉంటే అది ఎగిరేది.

ఆ రాత్రి

చిలుక బయటికి రావడం దాదాపు ఎప్పుడూ పొద్దు గూకాకే. కాబట్టి వానలు మొదలయ్యాక సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా అరగంటకోసారి బుట్ట దగ్గరికి వెళ్లి చెవి పెట్టండి.

మా మూడో గూడు మృగశిర వచ్చి నాలుగు రోజులైన రోజు తెరుచుకుంది. సాయంత్రం వాన పడి ఆగింది, కరెంటు పోయింది, ఇంట్లో ఒక్క చార్జింగ్ లైటే వెలుగుతోంది. ఏడున్నరకు గూడులోంచి గోరుతో అట్టను గీకినట్టు సన్నటి శబ్దం. పది నిమిషాలు వినిపిస్తుంది, ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. లైటును గోడ వైపు తిప్పి పెట్టి చూశాం. కాడ ఉన్న చివర ఒక ముదురు తడి మచ్చ కనిపించింది. అది నీరు కాదు. చిలుక నోటి దగ్గర నుంచి కొకూనేజ్ అనే ఎంజైమ్ ఊరుతుంది. పట్టు పోగుల్ని ఒకదానికొకటి అంటించి ఉంచిన సెరిసిన్ అనే జిగురును అది కరిగిస్తుంది. పోగులు తెగవు, వదులై పక్కకు జరుగుతాయి. జిగురు కరిగిన ఆ మెత్తటి చోటు నుంచి చిలుక తలతో తోసుకుంటూ దారి చేసుకుంటుంది. ఇలా చిలుక వెళ్లిపోయిన గూళ్ల నుంచి పొడవాటి పోగు తీయలేరు కాబట్టి వాటిని వడికి ఘిచ్చా అనే నూలు చేస్తారు. చేనేత రంగానికి చెందిన కుసుమ రాజయ్య ప్రాచుర్యంలోకి తెచ్చిన అహింసా పట్టు కూడా చిలుక బయటికి వెళ్లిపోయాక మిగిలిన గూళ్ల నుంచి తీసిందే.

ముందు తడిసి అతుక్కుపోయిన బొచ్చు కనిపించింది. తర్వాత రెండు ముందు కాళ్లు అంచు పట్టుకున్నాయి. అక్కడ చాలాసేపు ఆగిపోయింది. "ఇరుక్కుపోయిందా చిన్నమ్మా?" అని మా వాడు చెయ్యి చాచాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. అది ఇరుక్కోలేదు, అలసట తీర్చుకుంటోంది. మీ గూటి దగ్గర కూడా ఇదే జరుగుతుంది. మీ చేతులు వెనక్కి పెట్టుకోవాల్సింది సరిగ్గా ఈ క్షణంలోనే. గంట గడిచినా ఆగండి.

భుజాలు దాటాక మిగతా ఒళ్లంతా ఒక్క ఊపులో జారి వచ్చేసింది. పొట్ట లావుగా ఉంది, రెక్కలు బొటనవేలి గోరంత, నానిన కిస్మిస్‌లా ముడుచుకుని ఉన్నాయి. మొదటిసారి చూసేవాళ్లు ఇది అవిటిదేమో అని భయపడతారు. కాదు. అది వెంటనే పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. వెదురు అల్లిక పట్టుకుని పైదాకా ఎక్కి, ఒళ్లు కిందికి వేలాడేలా కుదురుకుంది. అప్పుడు మొదలైంది అసలు పని. రెక్కల మొదట్లో చిన్న కదలిక, తర్వాత మడత పెట్టిన కొత్త చీర అంచు ఒక్కో మడతా విప్పుకుంటూ కిందికి జారినట్టు రెక్క పొడవు పెరుగుతూ వచ్చింది. ఇరవై నిమిషాల్లో ముడతలన్నీ పోయాయి. ఒక్కో రెక్క మీద ఒక్కో కన్ను తేలింది. ఆ కంటి నడిమి భాగం అభ్రకం ముక్కలా పారదర్శకంగా ఉంటుంది. వెనక లైటు పెడితే అందులోంచి వెలుగు కనిపిస్తుంది. మా వాడు చాలాసేపు మాట్లాడలేదు.

చిలుక ఎక్కుతూ ఎక్కుతూ కింద పడితే? మొదటి అరగంటలో పడితే కంగారొద్దు. ఒక గరుకు పుల్లను దాని ముందు కాళ్ల కింద పెట్టండి, అదే పట్టుకుంటుంది. పుల్లను మెల్లగా నిలువుగా లేపి బుట్ట గోడకు ఆనించండి. రెక్క మాత్రం ముట్టుకోవద్దు. రెక్కలు విప్పుకున్నాక వెనక నుంచి చిక్కటి గోధుమ రంగు ద్రవం చిమ్ముతుంది. అది రక్తం కాదు, ప్యూపాగా ఉన్నప్పటి వ్యర్థం. కింద పాత పేపరు పరిచి ఉంచుకోండి, గోడకు పడితే మరక పోదు.

రెక్కలు సాగినా ఇంకా మెత్తగానే ఉంటాయి. గట్టిపడటానికి రెండు మూడు గంటలు పడుతుంది. ఆ గంటలన్నీ చీకటి, నిశ్శబ్దం ఉండాలి. ఫోటోలు తీసుకోండి కానీ ఫ్లాష్ వద్దు.

వదిలిపెట్టడం

ముందు ఆడదో మగదో చూసుకోండి. తల మీది మీసాలు వెడల్పుగా ఈకల్లా ఉంటే మగది, సన్నగా ఉంటే ఆడది. మగది ఎక్కువగా ఇటుక రంగులోనో గోధుమ రంగులోనో ఉంటుంది, పొట్ట సన్నం. ఆడది పెద్దది, పసుపు లేదా బూడిద రంగు కలిసి ఉంటుంది, పొట్ట నిండా గుడ్లు.

చక్కెర నీళ్లు, తేనె, పండు ముక్క ఏదీ పెట్టకండి. దసలి చిలుకకు తినే నోరు లేదు. పురుగుగా ఉన్నప్పుడు దాచుకున్నదే దాని జీవితాంతం తిండి. రెక్కలతో బతికేది వారం, మహా అయితే పది రోజులు. కాబట్టి ముచ్చట కోసం ఒక్క రోజు కూడా బుట్టలో ఉంచుకోకూడదు.

మగదాన్ని ఆ రాత్రే, రెక్కలు గట్టిపడ్డాక వదిలేయండి. దానికి ఎక్కడో ఆడ చిలుక పిలుపు అందాలి. పిలుపంటే వాసన. ఆడది పొట్ట చివరి నుంచి ఒక వాసన వదులుతుంది, మన ముక్కుకు తెలియదు. పత్తి చేలలో గులాబి రంగు పురుగు కోసం పెట్టే లింగాకర్షక బుట్టల్లో వాడే కిటుకు ఇదే. మగవాటి ఈకల మీసాలున్నది ఆ వాసన పట్టడానికే.

ఆడదైతే మొదటి రాత్రి దాని బుట్టను మద్ది చెట్టు కింద, లేదంటే చెట్టుకు దగ్గరి బాల్కనీలో వేలాడదీసి, దోమతెర తీసేయండి. బుట్ట అంచు మీదే కూర్చుని పిలుస్తుంది. అదృష్టం ఉంటే తెల్లారేసరికి మగది వచ్చి జతకట్టి ఉంటుంది. ఆ జంటను విడదీయొద్దు, వాటంతట అవే విడిపోయేదాకా నీడలో ఉంచండి. ఎవరూ రాకపోతే రెండో రోజు పొద్దు గూకాక మద్ది మొద్దు మీద పెట్టేయండి.

పగలు వదలొద్దు. కాకి ఉంది, ఏట్రింత ఉంది, మన రాష్ట్ర పక్షి పాలపిట్ట కూడా పురుగుల్నే తింటుంది. వీధి లైటు కింద కూడా వద్దు. లైటు చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయి తెల్లారేసరికి కింద పడి ఉంటుంది. మా వీధిలో మద్దికి దగ్గరగానే ఎల్‌ఈడీ లైటు ఉంది కాబట్టి నేను చెరువు కట్ట అవతలి చెట్టుదాకా నడుస్తాను. అర కిలోమీటరు, చేతిలో బుట్ట. చెట్టు మొద్దు మీద పెట్టగానే ఎగరదు. ముందు ఒళ్లంతా వణుకుతుంది, కండరాలు వేడెక్కించుకోవడానికి. రెండు మూడు నిమిషాల వణుకు తర్వాత ఒక్కసారిగా లేస్తుంది. ఆ వణుకు చూసి చలేసిందేమో అని చేతుల్లోకి తీసుకోకండి.

వచ్చే పాఠానికి

జతకట్టిన ఆడది రాత్రుళ్లు గుడ్లు పెడుతుంది. మొత్తం మీద 150 నుంచి 200 పైచిలుకు ఉండొచ్చు. బుట్టలోనే పెడితే వాటిని ఏం చేయాలన్నది మూడో పాఠం. అప్పటిలోగా మీరు చేయాల్సింది ఒకటుంది. మీ ఇంటికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక మద్ది చెట్టును వెతికి పెట్టుకోండి. తెల్లమద్ది బెరడు నున్నగా, తెల్లగా ఉండి పెళ్లలుగా ఊడుతుంది. వాగుల ఒడ్డున, చెరువు కట్టల మీద ఎక్కువ. దీన్నే ఏరుమద్ది అంటారు. నల్లమద్ది బెరడు మొసలి తోలులా పగుళ్లు పగుళ్లుగా ఉంటుంది. రెంటి కాయలకూ ఐదు రెక్కల్లాంటి అంచులుంటాయి, ఎండినవి చెట్టు కింద దొరుకుతాయి. ఆకు వెనక్కి తిప్పితే కాడ దగ్గర రెండు చిన్న బొడిపెలు కనిపిస్తాయి. కాయ ఒకటి, ఆకు ఒకటి నోటుబుక్కులో అంటించండి. చెట్టు చుట్టుపక్కల పత్తి, మిరప చేలకు మందు కొడుతున్నారేమో, ఆ గాలి చెట్టు మీదికి వస్తుందేమో కూడా కనుక్కోండి. ఎనిమిది పది రోజుల్లో గుడ్లు పగులుతాయి. పిల్ల పురుగు ముందు గుడ్డు పెంకును కొరుకుతుంది, ఆ వెంటనే దానికి లేత మద్ది ఆకు కావాలి. ఆ రోజున వెతుక్కునే టైము ఉండదు.